నలభై ఏళ్లు దాటిన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు: రహదారి యోగ్యత పరీక్షల విశ్వసనీయత

బ్రిటన్‌లో తయారై, అర్ధ శతాబ్దం గడచినా నేటికీ రహదారులపై కనిపించే పాత స్పోర్ట్స్ కార్లలో ఎం.జి.బి. ప్రముఖమైనది. ఆ దేశంలో 2018 మే 20 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 40 ఏళ్లు నిండి, నిర్మాణంలో గణనీయమైన మార్పులు జరగని వాహనాలకు వార్షిక రహదారి యోగ్యత పరీక్ష తప్పనిసరి కాదు. ఎం.జి.బి. ఉత్పత్తి 1980 అక్టోబరులో ముగిసినందున, అసలు రూపంలో నిలిచి ఉన్న ఎం.జి.బి.లు దాదాపుగా అన్నీ ఈ మినహాయింపు పరిధిలోకి చేరినవి. అంతకుముందు ఏటా ఒక శిక్షణ పొందిన పరీక్షకుడు కారు కిందికి వెళ్లి చూసి చెప్పిన మాటకు బదులు, ఇప్పుడు యజమాని తన వాహనం గురించి తానే నిర్ణయించుకోవలసి వచ్చినది. ఈ నేపథ్యంలో ఆ పరీక్ష ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు, పాత కార్ల ఉత్తీర్ణత గణాంకాలను ఏ మేరకు విశ్వసించవచ్చు అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

వాహన నేపథ్యం

ఎం.జి. అన్న రెండక్షరాలు ఆక్స్‌ఫర్డ్ నగరంలోని మోరిస్ గ్యారేజెస్ పేరు నుంచి వచ్చినవి. 2019లో భారత విపణిలో ప్రవేశించిన ఎం.జి. కార్లు కూడా ఇదే పేరును ధరించినవే అయినా, ఆ బ్రాండు ఇప్పుడు చైనాకు చెందిన ఎస్.ఎ.ఐ.సి. సంస్థ యాజమాన్యంలో ఉన్నది. ఈ వ్యాసంలో ప్రస్తావించిన ఎం.జి.బి.కి నేటి కార్లతో పేరు తప్ప సాంకేతిక సంబంధం లేదు.

ఎం.జి.బి. 1962లో విడుదలైనది. ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని ఆబింగ్‌డన్ కర్మాగారంలో 1980 వరకు 5 లక్షలకు పైగా కార్లు తయారైనవి. వాటిలో అధిక భాగం అమెరికాకు ఎగుమతి అయినది. మడిచి పెట్టగల పైకప్పు గల రోడ్‌స్టర్ మొదట రాగా, స్థిరమైన పైకప్పు, వెనుక తలుపు కలిగిన జి.టి. రూపం 1965లో వచ్చినది. రెండింటిలోనూ 1,798 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, జంట కార్బురేటర్లు అమర్చేవారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులు, వెనుక ఇరుసుకు కమాను పట్టీలు ఉండేవి.

ఈ కారు నిర్మాణంలో ఒక ముఖ్యమైన మార్పు అప్పటి కొనుగోలుదారులకు అంతగా కనిపించలేదు గాని, నేటి పరీక్షకు అదే కీలకం. దీనికి ముందున్న ఎం.జి.ఎ. కారులో బరువైన ఉక్కు చట్రంపై బాడీని విడిగా బిగించేవారు. ఎం.జి.బి.లో విడి చట్రం లేదు. రేకులను పెట్టెల వలె మడిచి, వెల్డింగుతో కలిపిన బాడీయే మొత్తం బరువును మోస్తుంది. అందుచేత ఎం.జి.ఎ.లో బాడీ రేకుకు తుప్పు పట్టడం అనేక సందర్భాలలో అందానికి సంబంధించిన విషయం కాగా, ఎం.జి.బి.లో అది తరచుగా వాహన బలానికే సంబంధించిన విషయం అవుతుంది.

పరీక్ష పుట్టుక, విస్తరణ

బ్రిటన్‌లో వార్షిక రహదారి యోగ్యత పరీక్షను నేటికీ ఎం.ఓ.టి. అని పిలుస్తారు. పరీక్షను ప్రవేశపెట్టిన నాటి రవాణా మంత్రిత్వ శాఖ ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలే ఆ పేరు. ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉండగా 1960లో పరీక్ష ఆరంభమైనది. తొలుత 10 ఏళ్లు నిండిన వాహనాలకు మాత్రమే వర్తించిన ఈ పరీక్షలో బ్రేకులు, దీపాలు, స్టీరింగ్ మాత్రమే చూసేవారు. విఫలమైన వాహనాల సంఖ్య ఎక్కువగా ఉండడంతో వయో పరిమితిని 1961లో 7 ఏళ్లకు, 1967లో 3 ఏళ్లకు తగ్గించినారు.

తరువాతి కాలంలో పరీక్షాంశాలు క్రమంగా పెరిగినవి. 1968లో టైర్లు చేరినవి. 1977లో బాడీ నిర్మాణం, చట్రం స్థితి, వైపర్లు, ఇండికేటర్లు, హారను, ఎగ్జాస్టు వ్యవస్థ చేరినవి. 1991లో పెట్రోలు వాహనాల ఉద్గారాల కొలత చేరినది. ఎం.జి.బి. వంటి కార్లకు వీటన్నింటిలో 1977 నాటి మార్పు ముఖ్యమైనది. ఏలయనగా, అప్పటి నుంచి తుప్పు పట్టిన నిర్మాణ భాగాలు కారును విఫలం చేయగల కారణాలలో ఒకటైనవి.

గ్రేట్ బ్రిటన్‌లో ఈ పరీక్షను 20 వేలకు పైగా అధీకృత కేంద్రాలు నిర్వహిస్తున్నవి. వాటిలో అధిక భాగం ప్రైవేటు గ్యారేజీలే. డ్రైవర్, వాహన ప్రమాణాల సంస్థ అయిన డి.వి.ఎస్.ఎ. వీటిపై పర్యవేక్షణ జరుపుతుంది. ఇటీవల పరీక్ష పూర్తయిన వాహనాలను యాదృచ్ఛికంగా ఎంచి, తన నిపుణులచే తిరిగి పరీక్షింపజేసి, రెండు ఫలితాలను సరిపోల్చే సర్వేను కూడా ఆ సంస్థ నిర్వహిస్తున్నది. పరీక్షకులందరి తీర్పు ఒకే తీరుగా ఉండదని, దానిని కూడా కొలవవలసి ఉన్నదని గుర్తించడమే ఈ సర్వే వెనుక ఉన్న ఉద్దేశం.

తయారైన కాలానికి తగిన ప్రమాణం

పాత కారును నేటి కారు ప్రమాణాలతో కొలుస్తారన్న అభిప్రాయం సరికాదు. వాహనం తొలిసారి వాడుకలోకి వచ్చిన తేదీని బట్టి పరీక్షాంశాలు మారుతవి. 1965 జనవరి 1కి ముందు వాడుకలోకి వచ్చిన కారుకు ముందు సీటు బెల్టులు తప్పనిసరి కావు. అందుచేత 1963 నాటి ఎం.జి.బి. బెల్టులు లేకుండానే ఉత్తీర్ణం కాగలదు. 1975 ఆగస్టు 1కి ముందు వాడుకలోకి వచ్చిన కార్లకు ఉద్గారాల విషయంలో పొగను కంటితో చూస్తే చాలును. ఆ తేదీ నుంచి 1986 జూలై 31 వరకు వచ్చిన కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల భాగాలకు 1,200 భాగాలు మించరాదు. 1980 ఏప్రిల్ 1 నుంచి వాడుకలోకి వచ్చిన కార్లకు వెనుక పొగమంచు దీపం ఉండవలెను. ఉత్పత్తి చివరి నెలల నాటి ఎం.జి.బి.లకు ఇది వర్తిస్తుంది.

కావున 1963 నాటి కారు ఉత్తీర్ణం కావడం, 1979 నాటి కారు ఉత్తీర్ణం కావడం ఒకే మాట కాదు. రెండూ తమ తమ కాలపు కొలబద్దకు తగినట్లుగా ఉన్నవని మాత్రమే ఆ ధ్రువపత్రాల అర్థం. ఏ పాత కారు ధ్రువపత్రమూ నేటి కారుతో సమానమైన రక్షణను సూచించదు.

తుప్పు: కంటికి కనిపించనిది

ఎం.జి.బి. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనుక చక్రం వరకు ఇరువైపులా సాగే పెట్టె ఆకారపు దూలాలను సిల్స్ అంటారు. రోడ్‌స్టర్‌లో పైకప్పు బలం లేనందున కారు నడుము వంగిపోకుండా నిలబెట్టేవి ప్రధానంగా ఇవే. ఒక్కొక్క సిల్‌లో వెలుపలి రేకు, లోపలి రేకు, వాటి నడుమ నిలువుగా మరొక రేకు ఉంటవి. వర్షపు నీరు, చలికాలంలో మంచు కరిగించడానికి బ్రిటిష్ రహదారులపై చల్లే ఉప్పు కలిసిన బురద ఈ పెట్టెల లోపలికి చేరి, తుప్పు లోపలి నుంచి వెలుపలికి పాకుతుంది. వెలుపలి రేకు మెరుస్తూ ఉండగానే నడిమి రేకు పూర్తిగా తిని వేయబడి ఉండవచ్చును.

నిర్దేశించిన ముఖ్య స్థానాల నుంచి 30 సెంటీమీటర్ల లోపు బరువు మోసే లోహం తుప్పుతో గణనీయంగా బలహీనపడితే వాహనం విఫలమవుతుంది. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోట్లు ఈ ముఖ్య స్థానాలు. ఎం.జి.బి.లో వెనుక కమాను పట్టీల ముందు కొసను పట్టి ఉంచే పెట్టె భాగం సిల్ చివరకు అతి సమీపంలో ఉంటుంది. అక్కడి తుప్పు ఈ కారు విఫలం కావడానికి చిరపరిచితమైన కారణాలలో ఒకటి. సీట్ల వెనుక నేల కింద వేలాడే బ్యాటరీ గూళ్లు కూడా ఇదే విధంగా తుప్పుకు లోనవుతవి.

పరీక్షకుని అధికారానికి ఇక్కడ ఒక హద్దు ఉన్నది. అతడు బొటనవేలితో ఒత్తి చూడవచ్చును. నిర్దేశిత పనిముట్టుతో తేలికగా తట్టి వినవచ్చును. భాగాలను విప్పడం, రంధ్రాలు వేసి చూడడం అనుమతించబడవు. అడుగు భాగానికి మందంగా రక్షణ పూత పూసి ఉంటే, ఆ పూత కింద ఏమున్నదో చెప్పడం అతని వల్ల కాదు. కొత్త వెలుపలి సిల్‌ను పాత తుప్పు మీదనే కప్పి వెల్డింగు చేసిన కారు సైతం తట్టినప్పుడు గట్టిగానే మోగవచ్చును. నిర్మాణ భాగాల మరమ్మతుకు ఫైబర్ గ్లాసును, పుట్టీని నిబంధనలు అంగీకరించవు. కాని నైపుణ్యంతో దాచినదాన్ని కనిపెట్టే సాధనం ఆ పరీక్షలో లేదు.

ఈ మోడల్‌ను ఎరిగిన మెకానిక్కులు చేసే ఒక పరిశీలన ఇక్కడ ప్రస్తావించదగినది. కారును ఒక పక్క జాకీతో ఎత్తి, తలుపుకు, వెనుక రెక్కకు మధ్యనున్న సందును గమనిస్తారు. జాకీ ఎత్తుతున్న కొలదీ ఆ సందు మూసుకుపోతే, లేదా తలుపు తెరవడం కష్టమైతే, సిల్స్ బలహీనపడినవని అర్థం. వార్షిక పరీక్షలో ఈ పరిశీలనకు తావు లేదు.

ఈ కారుకు అనుకూలించే అంశం కూడా ఒకటి కలదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ అసలు అచ్చులను సేకరించి, 1988 నుంచి ఎం.జి.బి. పూర్తి బాడీలను తిరిగి తయారు చేయడం ఆరంభించినది. విడి భాగాల లభ్యత దృష్ట్యా ఎం.జి.బి. పాత స్పోర్ట్స్ కార్లలో మెరుగైన స్థితిలో ఉన్నది. అనగా తుప్పు పట్టిన కారును సక్రమంగా బాగు చేయడానికి మార్గమున్నది. ఆ మార్గాన్ని యజమాని అనుసరించినాడా లేదా అన్నదే ప్రశ్న.

బ్రేకులు, స్టీరింగ్

బ్రేకుల విషయంలో పరీక్ష ఎక్కువ విశ్వసనీయమైనది. ఇక్కడ అభిప్రాయానికి బదులు కొలత ఉన్నది. చక్రాలను తిరిగే రోలర్లపై నిలిపి, ఒక్కొక్క చక్రం బ్రేకు శక్తిని యంత్రం నమోదు చేస్తుంది. ఈ కాలపు కారుకు కాలి బ్రేకు సామర్థ్యం కనీసం 50 శాతం ఉండవలెను. బ్రేకు ద్రవం రెండు వేర్వేరు మార్గాలలో ప్రవహించే కారుకు చేతి బ్రేకు 16 శాతం చాలును. ఒకే మార్గం ఉన్న కారుకు 25 శాతం కావలెను. తొలినాటి ఎం.జి.బి.లలో ఒకే మార్గం ఉండేది. అట్టి కారులో ఒక గొట్టం పగిలితే కాలి బ్రేకు మొత్తం పోతుంది. అప్పుడు వాహనాన్ని ఆపగలిగినది చేతి బ్రేకు ఒక్కటే గనుక దానికి హెచ్చు ప్రమాణం విధించినారు.

అయితే రోలర్ చూపేది ఆ నిమిషపు శక్తిని మాత్రమే. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కదలకుండా నెలల తరబడి నిలిపి ఉంచిన కారులో ఈ తేమ వలన సిలిండర్ల లోపల తుప్పు ఏర్పడుతుంది. పొడవైన దిగుడు రహదారిపై బ్రేకులు వేడెక్కినప్పుడు తేమ ఆవిరై, పెడలు మెత్తబడే ప్రమాదం ఉన్నది. ద్రవంలోని తేమ శాతాన్ని కొలవవలసిందిగా పరీక్షా నిబంధనలు కోరవు.

ముందు చక్రాల మలుపునకు ఆధారమైన కింగ్‌పిన్‌లకు క్రమం తప్పక గ్రీజు పెట్టవలెను. గ్రీజు అందని కింగ్‌పిన్ అరిగి, చక్రం పక్కకు ఊగుతుంది. చక్రాన్ని పైకెత్తి కడ్డీతో కదిపి చూసే పరీక్షకుడు దీనిని సులభంగా పట్టుకోగలడు. తీగ చక్రాలు గల కార్లలో వదులైన, విరిగిన చువ్వలను కూడా చూస్తారు. ఇవి రెండూ సాధారణ యజమాని తనంతట తాను గమనించలేని లోపాలు. వార్షిక పరీక్ష నిజంగా ప్రాణాలు కాపాడేది ఇటువంటి చోట్లనే.

తక్కువ వాడకం వలన వచ్చే లోపాలు

ఎక్కువ తిరిగిన కారు ఎక్కువ అరుగుతుందన్నది సాధారణ సూత్రం. పాత స్పోర్ట్స్ కార్ల విషయంలో తిరగకపోవడం కూడా ఒక లోపమే. టైరు పట్టు లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండవలెనని నిబంధన చెబుతున్నది. ఏటా కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగే కారు టైర్లకు ఈ లోతు 20 ఏళ్లయినా తగ్గకపోవచ్చును. కాని ఆ లోపు రబ్బరు గట్టిపడి, తడి రహదారిపై పట్టు కోల్పోతుంది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ 10 ఏళ్లు దాటిన టైర్లను లారీలు, బస్సుల ముందు ఇరుసుపై నిషేధించినది గాని, కార్లకు అట్టి నిషేధం విధించలేదు. పగుళ్లు లోపలి దారాల వరకు చేరనంత కాలం కారు టైరు వయసు ఉత్తీర్ణతకు అడ్డు కాదు. టైరు పక్క గోడపై ముద్రించిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతవి. దీనిని చదవడానికి ఏ పరికరమూ అవసరం లేదు.

ఇంధన గొట్టాల సంగతి కూడా ఇట్టిదే. 2021 సెప్టెంబరు నుంచి గ్రేట్ బ్రిటన్‌లో 10 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోలు ప్రామాణిక ఇంధనమైనది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు దీని వలన దెబ్బతినే అవకాశం ఉన్నందున, పాత కార్లకు 5 శాతం ఇథనాల్ గల పెట్రోలునే వాడవలసిందిగా ప్రభుత్వం సూచించినది. పరీక్ష నాడు పెట్రోలు కారుతూ ఉంటే కారు విఫలమవుతుంది. మరుసటి నెలలో గొట్టం చిట్లితే ధ్రువపత్రం అడ్డుపడదు.

మినహాయింపు: ప్రభుత్వ వాదన, దాని హద్దులు

1960కి ముందు తయారైన వాహనాలకు 2012 నవంబరు 18 నుంచి పరీక్ష మినహాయించబడినది. అప్పుడు ప్రభుత్వం రెండు గణాంకాలను ముందుంచినది. లైసెన్సు గల వాహనాలలో ఇవి సుమారు 0.6 శాతం కాగా, రోడ్డు ప్రమాదాలలో వీటి వాటా 0.03 శాతమే. వీటిలో మూడింట రెండు వంతులు ఏటా 500 మైళ్ల కంటే తక్కువ తిరుగుతవి. 2018 మే 20న ఈ మినహాయింపు 40 ఏళ్లు నిండిన వాహనాలన్నింటికీ విస్తరించినది. ఏటేటా కొత్త వాహనాలు ఈ పరిధిలోకి చేరుతూనే ఉంటవి.

పై గణాంకాలను జాగ్రత్తగా చదవవలసి ఉన్నది. వాహనాల వాటాతో పోలిస్తే ప్రమాదాల వాటా 20వ వంతు. కాని ఏటా 7 వేల మైళ్లు తిరిగే కారుతో పోల్చినప్పుడు 500 మైళ్లు తిరిగే కారు 14వ వంతు మాత్రమే రహదారిపై ఉంటుంది. మైలుకు లెక్కిస్తే తేడాలో అధిక భాగం తగ్గిపోతుంది. పాత కార్లు ఎక్కువగా ఎండ ఉన్న సెలవు దినాలలో, అనుభవజ్ఞులైన యజమానుల చేతిలో తిరుగుతవన్నది కూడా పరిగణించవలసిన అంశమే. దీనర్థం పాత కారు ప్రమాదకరమని కాదు. తక్కువ ప్రమాదాలకు కారణం కారు స్థితియా, తక్కువ వాడకమా అన్నది ఈ రెండంకెలతో తేలదని మాత్రమే.

మినహాయింపు పొందాలంటే గత 30 ఏళ్లలో వాహనంలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. వేరొక నమూనా బాడీని అమర్చడం, సస్పెన్షన్ లేదా స్టీరింగ్ పద్ధతిని మార్చడం వంటివి సాధారణంగా గణనీయమైన మార్పులుగా లెక్కించబడతవి. అసలు నమూనాలోనే తయారైన కొత్త బాడీ అట్టి మార్పు కాదు. ఈ విషయమై వాహన పన్ను నమోదు సమయంలో యజమాని స్వయంగా ప్రకటన చేయవలెను.

మినహాయింపు పరీక్షకు మాత్రమే వర్తిస్తుంది, బాధ్యతకు వర్తించదు. ప్రమాదకర స్థితిలో ఉన్న వాహనాన్ని నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సుపై 3 దండన పాయింట్లు, డ్రైవింగ్ నిషేధం విధించవచ్చును. ఎం.ఓ.టి. ధ్రువపత్రం ఉన్న కారుకు కూడా ఇది వర్తించడం గమనార్హం. మినహాయింపు పొందిన కారును యజమాని కోరితే స్వచ్ఛందంగా పరీక్షకు తీసుకొని పోవచ్చును. కారుకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు.

గణాంకాలను చదివే విధానం

2005లో పరీక్షా ఫలితాల కంప్యూటరీకరణ ఆరంభమైన నాటి నుంచి గల వివరాలను, యజమానుల గుర్తింపు తెలియని రీతిలో, ప్రభుత్వం బహిరంగపరుస్తున్నది. రిజిస్ట్రేషన్ సంఖ్య తెలిసిన వారెవరైనా ఒక కారు గత ఫలితాలను, మైళ్ల నమోదును, పరీక్షకుడు వ్రాసిన సూచనలను ఉచితంగా చూడవచ్చును. వీటి ఆధారంగా ఫలానా మోడల్ ఇంత శాతం ఉత్తీర్ణమైనదని వార్తలు వెలువడుతూ ఉంటవి. ఎం.జి.బి. వంటి పాత కార్ల విషయంలో అట్టి శాతాలను ఉటంకించే ముందు నాలుగు అంశాలు గమనింపదగినవి.

మొదటిది, విఫలత అన్న మాటకు రెండర్థాలు ఉన్నవి. కాలిపోయిన బల్బు వంటి లోపాన్ని పరీక్షా కేంద్రంలోనే గంట లోపు సరిచేస్తే కారు ఉత్తీర్ణమైనట్లు నమోదవుతుంది. ఊహాజనిత ఉదాహరణగా 100 కార్లలో 70 నేరుగా, 10 అప్పటికప్పుడు మరమ్మతుతో ఉత్తీర్ణమై, 20 విఫలమైనవనుకొంటే, తొలి విఫలత 30 శాతం, తుది విఫలత 20 శాతం అవుతుంది. ఒక మోడల్‌కు తొలి సంఖ్యను, మరొక దానికి తుది సంఖ్యను తీసుకొని పోల్చడం తగదు.

రెండవది, 2018 మే 20న లోపాల వర్గీకరణ మారినది. ప్రమాదకరం, ప్రధానం, స్వల్పం అన్న మూడు తరగతులు ఏర్పడినవి. మొదటి రెండింటిలో ఏది ఉన్నా కారు విఫలమవుతుంది. ఆ తేదీకి ముందు, తరువాతి సంఖ్యలను ఒకే వరుసలో ఉంచరాదు.

మూడవది, నేడు పరీక్షకు వచ్చే ఎం.జి.బి.లు ప్రధానంగా స్వచ్ఛందంగా వచ్చేవి. చట్టం కోరకపోయినా రుసుము చెల్లించి కారును చూపించే యజమాని, సహజంగానే దాని పోషణపై శ్రద్ధ గలవాడు. గ్యారేజీలో మూలపడి ఉండి, అమ్మకానికి ముందు మాత్రమే కదిలే కారు ఈ లెక్కలో ఉండకపోవచ్చును. కావున మినహాయింపు తరువాత ఉత్తీర్ణత శాతం పెరిగినట్లు కనిపించినా, రహదారిపై ఉన్న కార్లు మెరుగైనవని దాని అర్థం కాదు.

నాలుగవది, మిగిలి ఉన్న కార్లే లెక్కకు వస్తవి. తయారైన లక్షల కార్లలో తుప్పుకు లోనై తుక్కుగా మారినవి ఏ పట్టికలోనూ కనిపించవు. నిలిచిన కార్లను చూసి మోడల్ మొత్తం మన్నికైనదని నిర్ణయించడం సరికాదు.

ఇతర దేశాలలో

ఐరోపా సమాఖ్య 2014 నాటి ఆదేశం, కనీసం 30 ఏళ్లు నిండిన చారిత్రక వాహనాలకు పరీక్ష విషయంలో ప్రత్యేక నిబంధనలు రూపొందించుకొనే స్వేచ్ఛను సభ్య దేశాలకు ఇచ్చినది. జర్మనీ ఆ స్వేచ్ఛను భిన్నంగా వినియోగించుకొన్నది. అక్కడ 1997 నుంచి చారిత్రక వాహనాలకు ప్రత్యేక నంబరు పలక ఉన్నది. అది పొందాలంటే వాహనం అసలు రూపంలో, మంచి స్థితిలో ఉన్నదని నిపుణుడు ధ్రువీకరించవలెను. ఆ తరువాత కూడా రెండేళ్లకొకసారి సాధారణ పరీక్ష తప్పదు. బ్రిటన్ యజమాని ప్రకటనను నమ్మగా, జర్మనీ నిపుణుని నివేదికను కోరినది.

భారతదేశంలో వ్యక్తిగత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత వాహనాన్ని తనిఖీ చేయించి 5 ఏళ్లకొకసారి పునరుద్ధరించుకోవలెను. 2021 జూలైలో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానాన్ని ప్రకటించినది. చట్రం, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరగని వాహనాలకే ఇది వర్తిస్తుంది. నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అక్షరాలు ఉంటవి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, పునరుద్ధరణకు 5 వేల రూపాయలు. ఇది 10 ఏళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల వంటి అవసరాలకు తప్ప ఈ వాహనాలను నిత్య ప్రయాణానికి వాడరాదు. రెండు తెలుగు రాష్ట్రాలలోని పాత వాహనాల సేకర్తలకు కూడా ఈ నిబంధనలే వర్తిస్తవి. బ్రిటన్ వాడకంపై హద్దు పెట్టకుండా పరీక్షను తొలగించగా, భారతదేశం వాడకానికే హద్దు విధించడం రెండు విధానాల మధ్య గల ముఖ్య భేదం.

సారాంశం

ఎం.ఓ.టి. పరీక్ష కొలవగలిగిన చోట విశ్వసనీయమైనది. బ్రేకు శక్తి, స్టీరింగ్ కదలిక, దీపాలు, టైరు లోతు విషయంలో అది చెప్పిన మాటకు విలువ ఉన్నది. మూసి ఉన్న ఉక్కు పెట్టెల లోపల, పూత కింద, ద్రవంలో, రబ్బరు వయసులో దాగిన లోపాల విషయంలో అది మౌనం వహిస్తుంది. ధ్రువపత్రం ఏడాది పాటు చెల్లినా, అది సాక్ష్యం చెప్పేది పరీక్ష జరిగిన ఒక్క రోజును గురించే.

అయినప్పటికీ, ఆ హద్దులు పరీక్ష అనవసరమని నిరూపించవు. అరిగిన కింగ్‌పిన్, చిరిగిన బ్రేకు గొట్టం, కమాను పట్టీ కొస వద్ద మెత్తబడిన లోహం మొదట కనిపించేది కారు కింద నిలబడిన పరీక్షకునికే. 40 ఏళ్లు నిండిన రోజున ఈ లోపాలు కారును విడిచి పోవు. ఆ రోజు నుంచి వాటిని వెతికే బాధ్యత మాత్రమే పరీక్షకుని చేతి నుంచి యజమాని చేతికి మారుతుంది. ఆ బాధ్యతను స్వీకరించిన యజమానులు ఏటా స్వచ్ఛందంగా పరీక్ష చేయించుకొనడం, సిల్స్ లోపలి భాగాన్ని సన్నని కెమెరాతో చూపించుకొనడం, టైర్ల తయారీ సంవత్సరాన్ని, బ్రేకు ద్రవం మార్చిన తేదీని వ్రాసి ఉంచుకొనడం శ్రేయస్కరం. పాత కారును కొనేవారు కూడా ధ్రువపత్రం ఉన్నదా అని మాత్రమే గాక, ఈ వివరాల నమోదు ఉన్నదా అని అడగడం సముచితం.